పండుగ మానొద్దు, పళ్లెం మరువొద్దు



హైదరాబాద్‌కు పడమటి వైపు మాదాపూర్ ఉంది. ఒకప్పుడు అది చిన్న ఊరు. చుట్టూ బండరాళ్లు, గుట్టలు, పొలాలు ఉండేవి. 1998 నవంబరులో అక్కడ సైబర్ టవర్స్ అనే పెద్ద భవనం తెరిచారు. అప్పటి ప్రధానమంత్రి వాజపేయి వచ్చి ప్రారంభించారు. ఆ చోటికి హైటెక్ సిటీ అని పేరు వచ్చింది. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం దాకా అద్దాల మేడలు లేచాయి. ఇప్పుడు లక్షల మందికి అక్కడ పని దొరుకుతోంది.

ఆ మేడల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఉన్నారు. ఆ మేడలను ఊడ్చి, తుడిచి శుభ్రంగా ఉంచేవాళ్లు ఉన్నారు. హాస్టళ్లలో వంట చేసేవాళ్లు ఉన్నారు. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమేవాళ్లు, పసిపిల్లల్ని చూసుకునేవాళ్లు ఉన్నారు. ఈ పనుల్లో చాలామంది ఆడవాళ్లే.

ఈ రోజు ముచ్చట తిండి గురించి. ఒంటి గురించి. నలుగురితో కలిసి నవ్వుకుంటూ తినడం గురించి.

"డాక్టర్ల మాట వింటే పండుగ లేదు, దావత్ లేదు, ఆఖరికి టీ కూడా లేదు. ఇక బతికి ఏం లాభం?" అని చాలామంది అంటుంటారు. ఆ మాట నిజమేనా? కొంచెం ఆలోచించండి.

ముందుగా అద్దాల మేడల సంగతి వినండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలిలోనే ఉంది. అక్కడి పరిశోధకులు, ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు కలిసి ఐటీ ఉద్యోగుల ఆరోగ్యాన్ని పరీక్షించారు. ఆ వివరాలు 2025లో అచ్చయ్యాయి. వాళ్లు చూసింది 345 మందిని. వాళ్లలో 100కి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 100కి 71 మంది లావుగా ఉన్నారు. 100కి 34 మందిలో పొట్ట, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు వంటివి కలిసి పెరిగాయి. ఇది ఆ 345 మంది లెక్క. అందరి లెక్క కాదు. అయినా భయపడాల్సిన లెక్కే.

కాలేయం అంటే ఏమిటి? మటన్ కొట్టులో కార్జం అంటారు కదా, అదే. మనిషి పొట్టలో కుడివైపు, పక్కటెముకల కింద ఉంటుంది. తిన్నదాన్ని ఒంటికి పనికొచ్చేలా మార్చేది అదే. ఎక్కువైన చక్కెరను, పిండిని కొవ్వుగా మార్చేది కూడా అదే. ఆ కొవ్వు ఖర్చు కాకపోతే కాలేయంలోనే నిలిచిపోతుంది. మొదట్లో నొప్పి ఉండదు. అందుకే ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిస్తే కాలేయం చెడిపోవచ్చు. మంచి సంగతి కూడా ఒకటి ఉంది. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు అందులో 100కి 7 నుంచి 10 వంతులు తగ్గితే చాలు, ఆ కొవ్వు చాలావరకు కరుగుతుంది. 70 కిలోలున్న మనిషి 5 నుంచి 7 కిలోలు తగ్గితే చాలన్నమాట.

చదువుకున్నవాళ్లకు, మంచి జీతాలున్నవాళ్లకు ఈ గతి ఎందుకు పట్టింది? వాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఇంటి దగ్గర బండి ఎక్కుతారు. ఆఫీసు దగ్గర లిఫ్టు ఎక్కుతారు. తొమ్మిది, పది గంటలు కుర్చీలో కూర్చుంటారు. కొందరికి రాత్రి డ్యూటీ. ఆకలేస్తే ఫోను నొక్కుతారు. కాలు కదపకుండానే బిర్యానీ గుమ్మం ముందుకు వస్తుంది. ఒకరి పుట్టినరోజుకు కేకు. ఇంకొకరి ప్రమోషన్‌కు పిజ్జా. శుక్రవారం రాత్రి పార్టీ. తిండి పెరిగింది. కదలిక తగ్గింది. నిద్ర చెడింది.

"అది కూర్చునేవాళ్ల జబ్బు. పొద్దంతా చీపురు పట్టేవాళ్లకు ఎందుకు వస్తుంది?" అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఒళ్లు వంచి పనిచేయడం కూడా వ్యాయామమే. అయినా ఈ లెక్కలు వినండి. 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ జబ్బు ఉంది. 2019 నుంచి 2021 వరకు ప్రభుత్వం జరిపిన కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో మాట చెప్పింది. తెలంగాణలో 100 మంది ఆడవాళ్లలో 30 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశంలో 100 మంది ఆడవాళ్లలో 57 మందికి రక్తం తక్కువగా ఉంది. కొందరికి ఈ రెండూ ఉంటాయి. ఒళ్లు లావుగా ఉంటుంది, ఒంట్లో రక్తం ఉండదు.

ఇదెలా జరుగుతుంది? ఒక హాస్టల్లో వంట చేసే అక్క ఉందనుకోండి. తెల్లవారక ముందే లేస్తుంది. ఖాళీ కడుపుతో టీ తాగుతుంది. రెండు బిస్కెట్లు తింటుంది. వందమందికి టిఫిన్ చేస్తుంది. తను మాత్రం పదకొండు దాకా తినదు. మధ్యలో ఆకలేస్తే మళ్లీ టీ. సాయంత్రం బస్సు దిగాక నలుగురితో ఇంకో టీ, ఒక సమోసా. రాత్రి ఇంటికొచ్చి వండుతుంది. అందరికీ పెడుతుంది. ఆఖరున తను కూర్చునేసరికి గిన్నెలో అన్నం ఉంటుంది, కూర ఉండదు. పచ్చడి వేసుకుని ఆ అన్నమంతా తినేస్తుంది. పారేయడానికి చేతులు రావు కదా!

ఇప్పుడు లెక్క వేయండి. ఒక టీకి రెండు చెంచాల చక్కెర. అంటే సుమారు 10 గ్రాములు. రోజుకు 5 టీలు తాగితే 50 గ్రాములు. నెలకు 1,500 గ్రాములు. అంటే కిలోన్నర! రోజుకు 25 గ్రాములు మించకుండా ఉంటే మంచిదని డాక్టర్లు చెబుతున్నారు. ఆ అక్క ఒక్క టీలోనే రెండు రోజుల చక్కెర ఒక్క రోజులో తాగేసింది. పైగా అన్నం తిన్న వెంటనే టీ తాగితే, తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇనుము లేకపోతే రక్తం పట్టదు. తిన్నాక ఒక గంట ఆగి టీ తాగడం మంచిది.

ఈ లెక్కలో బోనాల నాటి మాంసం ఉందా? లేదు. పెళ్లిలో తిన్న బిర్యానీ ఉందా? లేదు. ఏడాదికి 365 రోజులు. పండుగలు, పెళ్లిళ్లు, దావత్‌లు అన్నీ కలిపి 30 రోజులు అనుకోండి. మిగిలినవి 335 రోజులు. చేటు చాలావరకు ఆ 335 రోజుల్లోనే జరుగుతోంది. నింద మాత్రం పండుగ మీద పడుతోంది.

బతుకమ్మ పండుగనే తీసుకోండి. తొమ్మిది రోజులు ఆడవాళ్లంతా కలుస్తారు. పూలు కోసి తెస్తారు. బతుకమ్మ పేరుస్తారు. చుట్టూ తిరుగుతూ, వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ గంటల తరబడి ఆడతారు. గొంతెత్తి పాడతారు. చెమట పడుతుంది. అయినా ఎవరికీ కష్టం అనిపించదు. ఆఖరి రోజు సద్దులు. సత్తుపిండి, మలీద ముద్దలు పంచుకు తింటారు. ఆ పండుగలో తీపి ఉంది. ఆ తీపిని కరిగించే ఆట కూడా ఉంది. వ్యాయామం, విందు, స్నేహం అన్నీ ఒక్కచోటే ఉన్నాయి.

సంక్రాంతి సకినాలు కూడా అంతే. బియ్యం నానబెట్టాలి, పిండి పట్టాలి. నలుగురు కూర్చుని చేతితో చుట్టాలి. అంత పని ఉంది కాబట్టి ఏడాదికి ఒకసారే చేసేవాళ్లు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా పిండివంటల దుకాణం ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పొట్లం దొరుకుతుంది.

అసలు తేడా ఇక్కడే వచ్చింది. పండుగ తిండి రోజూ తిండి అయింది. పండుగ ఆట మాత్రం ఏడాదికి ఒక్కసారే మిగిలింది. దీన్ని తిప్పి పెట్టాలి. ఆట రోజూ ఉండాలి. విందు అప్పుడప్పుడు ఉండాలి.

కొందరు ఆరోగ్యం పేరుతో మనుషులకే దూరమవుతారు. పేరంటానికి పోరు. చుట్టాలింటికి పోరు. "తినమని బలవంతం చేస్తారు, ఎందుకొచ్చిన బాధ" అనుకుంటారు. అది కూడా మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. ఒంటరితనం వల్ల గుండెజబ్బు, పక్షవాతం, దిగులు పెరుగుతాయని కూడా చెప్పింది. పని కోసం పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి మాదాపూర్‌లో గది తీసుకున్న ఆడమనిషికి సాయంత్రం టీ కొట్టు దగ్గరి కబుర్లే పెద్ద ధైర్యం. ఆ కబుర్లు మానితే ఎలా? కబుర్లలో చక్కెర లేదు. చక్కెర గ్లాసులో ఉంది. తగ్గించాల్సింది గ్లాసులోనే.

మరి ఏం చేయాలి? పెద్ద ఖర్చు లేని పనులే ఉన్నాయి.

మొదటిది టీ. టీ మానక్కరలేదు. అయిదు గ్లాసులను రెండు చేయండి. చక్కెరను ముందు చెంచాన్నరకు, పది రోజుల తర్వాత ఒక చెంచాకు తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది. ఖాళీ కడుపుతో టీ తాగే బదులు ఒక జొన్నరొట్టె ముక్కో, రాత్రి నానబెట్టిన గుప్పెడు శనగలో తినండి.

రెండోది కూల్‌డ్రింకు. ఒక చిన్న సీసాలో, అంటే 250 మిల్లీలీటర్లలో, సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే 5 చెంచాలు! బిర్యానీతో పాటు అది తాగితే అరుగుదల అని కొందరు అనుకుంటారు. అది అరిగించదు, చక్కెరనే పెంచుతుంది. చుట్టాలు వస్తే పలుచటి మజ్జిగ ఇవ్వండి. నిమ్మకాయ పిండి, కొద్దిగా ఉప్పు వేయండి. మర్యాదకు ఏ లోటూ రాదు.

మూడోది పళ్లెం. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 2024లో ఆ సంస్థ దేశ ప్రజలందరికీ ఆహార సూచనలు ఇచ్చింది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని చెప్పింది. మిగిలిన సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు లేదా మాంసం, పెరుగు ఉండాలి. చాలా ఇళ్లలో లెక్క తలకిందులుగా ఉంది. అన్నం కొండంత, కూర గోరంత. ఖరీదైన పండ్లు అక్కరలేదు. జామపండు చాలు. తోటకూర, పాలకూర, గోంగూర చాలు. వారంలో కొన్ని పూటలు జొన్నరొట్టె, రాగి సంకటి పెట్టుకోండి.

నాలుగోది నూనె. కూర్చుని పనిచేసే మనిషికి రోజుకు 20 నుంచి 25 గ్రాములు చాలు. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు కొంచెం ఎక్కువ కావాలి. సగటున 25 గ్రాములు అనుకుంటే, నలుగురున్న ఇంటికి రోజుకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. ఇంట్లో నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు అవుతున్నాయో లెక్క చూడండి. ఆరు అవుతుంటే ఒకటి తగ్గించి మొదలుపెట్టండి. డబ్బు కూడా మిగులుతుంది.

అయిదోది దావత్. దావత్‌కు పోండి. కానీ ఆకలితో కడుపు మాడ్చుకుని పోవద్దు. ముందు ఉల్లిపాయ, కీరా, పెరుగుచట్నీ వేసుకోండి. తర్వాత బిర్యానీ వేసుకోండి. నెమ్మదిగా తినండి. రంజాన్ నెలలో హలీం గిన్నె తెచ్చుకుంటే ఇద్దరు పంచుకోండి. హలీంలో గోధుమలు, మాంసం, పప్పు, నెయ్యి ఉంటాయి. కొంచెం తిన్నా కడుపు నిండుతుంది. షుగర్ ఉన్నవాళ్లు దావత్ ఉందని మాత్రలు మానొద్దు. పూట తిండి కూడా మానొద్దు.

ఇక్కడ పెట్టేవాళ్లకూ ఒక మాట. "ఇంకొంచెం ఏసుకో బిడ్డా, ఏం తిన్నవని!" అని బలవంతం చేయడం ప్రేమే. కానీ ఎదుటి మనిషికి షుగర్ ఉందేమో, బీపీ ఉందేమో ఎవరికి తెలుసు? ఒకసారి అడగండి. వద్దంటే ఊరుకోండి. దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడండి. అది కూడా మర్యాదే.

ఆరోది నడక. పెద్దవాళ్లు వారానికి 150 నిమిషాలు చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే వారంలో 5 రోజులు, రోజుకు 30 నిమిషాలు. తీరిక లేకపోతే పది నిమిషాలు మూడుసార్లు చేయండి. భోజనం చేసిన తర్వాత పది నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. రోజంతా మెట్లు తుడిచి, బకెట్లు మోసేవాళ్లకు నడక సరిపోయినట్టే. వాళ్లకు కావలసింది వేళకు తిండి, కంటినిండా నిద్ర. కుట్టుమిషన్ దగ్గరో, కౌంటర్ దగ్గరో కూర్చునేవాళ్లు మాత్రం తప్పకుండా నడవాలి.

ఒక్కరే నడిస్తే నాలుగు రోజుల్లో మానేస్తారు. నలుగురు కలిసి నడవండి. చిట్టీ డబ్బుల ముచ్చట, పిల్లల చదువు ముచ్చట కూర్చుని కాకుండా నడుస్తూ మాట్లాడుకోండి. ఆదివారం దుర్గం చెరువు గట్టుకో, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కో పోండి. పిల్లల్నీ తీసుకుపోండి. బతుకమ్మ ఆటకు ఆశ్వయుజం దాకా ఆగాలా? వారానికి ఒకనాడు వాకిట్లో కలిసి చప్పట్లు కొట్టి ఆడుకుంటే ఎవరు వద్దంటారు?

ఏడోది అన్నిటికంటే ముఖ్యం. ఆడవాళ్లు ఆఖరున తినడం మానాలి. ఇంట్లో అందరూ కలిసి కూర్చోండి. గిన్నెలు మధ్యలో పెట్టండి. కూర అందరికీ సమానంగా రావాలి. మిగిలిన అన్నానికి తల్లి కడుపు డబ్బా కాదు. రేపు ఒక గ్లాసు బియ్యం తక్కువ పోయండి. అంతే. నలుగురితో కలిసి వేడివేడిగా తినే సంతోషం వండిన మనిషికి కూడా దక్కాలి.

ఒంటి సంగతి ఎలా తెలుసుకోవాలి? ఒక దారం పరీక్ష ఉంది. గోడకు ఆనుకుని నిలబడండి. తల నుంచి మడమ దాకా దారంతో ఎత్తు కొలిపించుకోండి. ఆ దారాన్ని సగానికి మడవండి. మడిచిన దారాన్ని బొడ్డు దగ్గర నడుం చుట్టూ తిప్పండి. రెండు కొసలు కలిస్తే మంచిదే. కలవకపోతే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువైనట్టు. గర్భిణులకు ఈ పరీక్ష వర్తించదు.

తర్వాత అంకెలు. 30 ఏళ్లు దాటినవాళ్లు షుగర్, బీపీ పరీక్ష చేయించుకోవాలి. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అక్కడ డాక్టరు ఉచితంగా చూస్తారు. ఈ పరీక్షలకూ డబ్బు కట్టనక్కరలేదు. చీటీ చేతికి ఇచ్చాక మడిచి సంచిలో పెట్టొద్దు. చదవండి. తినకముందు చేసిన షుగర్ పరీక్షలో 126 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ జబ్బు ఉండవచ్చు. బీపీ పై అంకె 140, కింది అంకె 90 చేరితే, ఏ ఒక్కటి చేరినా, ఎక్కువ ఉన్నట్టే. అలాంటప్పుడు డాక్టరు మళ్లీ పరీక్ష చేసి మందు చెబుతారు.

కొట్లో కొన్న ప్యాకెట్టు మీద కూడా అంకెలు ఉంటాయి. 100 గ్రాముల్లో చక్కెర ఎంత, ఉప్పు ఎంత, కొవ్వు ఎంత అని వెనక రాసి ఉంటుంది. చాలావాటి మీద ఇంగ్లీషులోనే ఉంటుంది. చక్కెర అనే మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో పిల్లల్ని అడిగి గుర్తు పెట్టుకోండి. దాని పక్కన ఉన్న అంకె మీరే చదవగలరు. ఒక అంకె చదివి ఒక ప్యాకెట్టు తిరిగి కొట్లో పెట్టేస్తే, ఆ చదువు ఇంటిల్లిపాదికీ పనికొచ్చినట్టే.

అక్కలారా, పండుగను వదలొద్దు. చుట్టాన్ని వదలొద్దు. టీ కొట్టు దగ్గరి నవ్వును వదలొద్దు. ఈ రాత్రి పళ్లెంలో అన్నం ఒక గరిటె తగ్గించండి, కూర ఒక గరిటె పెంచండి. తిన్నాక పక్కింటి అక్కను పిలిచి పది నిమిషాలు నడిచి రండి.

కలిసి మాట్లాడుకోండి:

1. మీ ఇంట్లో నెలకు ఎంత చక్కెర, ఎంత నూనె వాడుతున్నారు? రాయండి.

2. మీ ఇంట్లో ఆఖరున ఎవరు తింటారు? అప్పటికి కూర ఎంత మిగులుతుంది?

3. మీ వీధిలో నలుగురు కలిసి నడవడానికి ఏ వేళ కుదురుతుంది? ఏ దారి మంచిది?

4. దగ్గరలో బస్తీ దవాఖానా ఎక్కడుంది? ఎవరెవరు పరీక్ష చేయించుకున్నారు?